నాలుగో నిమిషంలో ఆగాల్సిన బండి

బుధవారం ఉదయం ఆ ఆఫీసులో నోరు తెరిచి మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు. ఒక గోడౌను ఎదురుగా పదకొండు రోజులు కారులో కూర్చుని కాపలా కాసిన కేసు అంతకు ముందురోజే ముగిసింది. డిటెక్టివ్ కుర్చీలో వెనక్కి వాలి, వాచిన కాళ్ళు స్టూలు మీద చాపుకుని కళ్ళు మూసుకుంది. వయసు యాభై అయిదు. అందులో ఇరవై రెండేళ్ళు అగ్నిప్రమాదాల మీద బీమా కంపెనీల తరఫున విచారణ చేసింది. బూడిద చూసి మంట ఎక్కడ మొదలైందో చెప్పగలదని ఆమెకు పేరు.

ఎదురు బల్ల దగ్గర ఆమె మరిది నోట్‌బుక్కులో పాత కేసు కాగితాలు అతికిస్తున్నాడు. పోస్టాఫీసు ఉద్యోగం అయిపోయాక ఆమెకు సహాయకుడిగా చేరాడు. ఇంట్లో తెలివితేటలన్నీ వదిన దగ్గరే ఉన్నాయని ఒప్పుకోవడానికి అతని అన్నకు ముప్పై ఏళ్ళు పట్టింది. మరిదికి మూడు రోజులు పట్టింది.

తలుపు తోసుకుని ఒక ముప్పై ఏళ్ళ మనిషి లోపలికి వచ్చింది. రెండు చేతులతో టిఫిన్ డబ్బా పట్టుకుంది. వేళ్ళ కొసల మీద కాలిన మచ్చలు, కళ్ళకింద నలుపు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"డబ్బాలో ఏముందమ్మా?" అని డిటెక్టివ్ కళ్ళు తెరవకుండానే అడిగింది. "కాలిన వాసనొస్తోంది."

"నా కొంప ముంచింది ఇదేనండి," అంటూ ఆమె మూత తీసింది.

లోపల అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్లటి పెట్టె ఉంది. ఒక పక్క కరిగిపోయింది. దాని మీద అల్యూమినియం రెక్కల దిమ్మ, ఆ పైన చిన్న ఫ్యాన్ బిగించి ఉన్నాయి.

ఆమె రిమోట్ కార్లు బాగుచేసే మెకానిక్. ఊరి చివర రిమోట్ కార్ల క్లబ్బు ఒకటుంది. ప్రతి ఆదివారం అక్కడ పందాలు జరుగుతాయి. మొన్న ఆదివారం పాతకాలపు కార్ల పందెంలో పళ్ళ డాక్టరుగారి బండి, నాలుగు కిలోల బరువుది, నాలుగో నిమిషంలో పొగ కక్కింది. ఆయన మీట వదిలేసినా ఆగకుండా పూర్తి వేగంతో ట్రాకు అంచు చెక్కలు దూకి, జనం కూర్చునే కంచె వైపు దూసుకుపోయింది. బోల్తాపడ్డ కార్లను ఎత్తిపెట్టే పెద్దాయన అడ్డం పడ్డాడు. ఆయన్ని అందరూ ఈల మామయ్య అంటారు. కింద పడటంతో తుంటి ఎముక విరిగింది.

"శనివారం మీటింగండి. నేను పనికిరాని స్పీడ్ కంట్రోలర్ పెట్టానని నన్ను తీసేస్తారట. పోలీసు కంప్లైంటు కూడా ఇస్తామంటున్నారు. ఆడపిల్ల మెకానిక్ ఏమిటని అందరూ నవ్వినరోజు నాకక్కడ చోటిప్పించింది ఈల మామయ్యే. ఇప్పుడు ఆయన కాలే విరగ్గొట్టానంటున్నారు."

డిటెక్టివ్ కాళ్ళు కిందికి దించింది. "ఈ కంట్రోలర్ ఏం చేస్తుంది?"

"బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఉంటుందండి. రిమోట్‌లో మీట ఎంత నొక్కితే మోటారుకి అంత కరెంటు వదులుతుంది."

"దీన్ని ఎంచింది నువ్వేనా?"

"నేనే. ఆ మోటారు గట్టిగా లాగినప్పుడు నలభై ఆంపియర్లు తీసుకుంటుంది. ఇది ఎంతసేపైనా ఎనభై మోస్తుంది. డబ్బా మీద రెండొందలని పెద్దక్షరాలతో వేస్తారు గానీ, అది రెప్పపాటుసేపు మోసే లెక్క. నేను దాన్ని చూడను. బ్యాటరీ రెండు సెల్సుది, ఇది మూడింటిదాకా తట్టుకుంటుంది. అన్నీ కావలసినదానికంటే ఎక్కువే పెట్టానండి."

"మరి వేడి సంగతి?"

"అదే దీనితో చిక్కు. కొత్త కంట్రోలర్లు బాగా వేడెక్కితే వాటంతటవే ఆగిపోతాయి. బండి ట్రాకు మధ్యలో నిలబడిపోతుంది, చల్లారాక కదులుతుంది. ఇది పాతరకం, ఆ ఏర్పాటు లేదు. పాత కార్ల పందెంలో ఆ కాలం కంట్రోలరే ఉండాలని రూలు. ఇది మితిమీరి కాలితే లోపలి స్విచ్చులు అతుక్కుపోతాయి. మీట వదిలినా కరెంటు పారుతూనే ఉంటుంది. అందుకే ఈ రెక్కల హీట్‌సింక్ బిగించి, రెంటికీ మధ్య తెల్ల పేస్టు రాశాను. వేడిని కిందినుంచి పైకి చేరవేసేది ఆ పేస్టే. వేలికి అంటిందంటే ఓ పట్టాన వదలదు, జిడ్డు. పైన ఫ్యాన్ ఊదుతుంటే రెక్కలు చల్లబడతాయి."

"కాలితే ఆగదన్న సంగతి ఎవరెవరికి తెలుసు?"

"డాక్టరుగారికి చెప్పాను. విడిభాగాలమ్మే షాపాయనకు తెలుసు. ఇంకెవరూ అడగలేదండి."

"పందేనికి ముందు చూసుకున్నావా?"

"ఉదయం అయిదు నిమిషాలు తిప్పి, ఆపి, హీట్‌సింక్ మీద వేలు పెట్టాను. పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగాను. అంటే లోపలి వేడి పైకి బాగానే వస్తోంది, మితిమీరలేదు."

డిటెక్టివ్ సొరుగులోంచి చిన్న బ్యాటరీ తీసి ఫ్యాను తీగలకు తగిలించింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది. మరిది ఆశగా నోట్‌బుక్కు తెరిచాడు. ఆమె రెండు మరలూ విప్పి హీట్‌సింక్ పైకెత్తింది. అది సులువుగా రాలేదు. చర్మం ఊడినట్టు సాగి, పెటుక్కున విడిపోయింది. అడుగున నల్లటి జిగురు పెచ్చు కట్టి ఉంది. ఒక మూల మాత్రం గోరంత బూడిదరంగు స్పాంజి ముక్క కాలకుండా మిగిలింది.

"నీ తెల్ల పేస్టు ఏదమ్మా?"

మెకానిక్ కళ్ళప్పగించి చూసింది. "ఇది... ఇది నేను పెట్టింది కాదండి. సాక్ష్యం చెడుతుందేమోనని భయపడి నేను విప్పలేదు. ఎవరో పేస్టు తుడిచేసి రెండువైపులా అంటుకునే స్పాంజి టేపు వేశారు. చలికి స్వెట్టరు తొడిగినట్టే కదండీ! ఫ్యాను ఎంత ఊదినా కిందున్న వేడి పైకి రాదు."

"నిజమే," అంటూ డిటెక్టివ్ నిట్టూర్చి లేచింది. "పద మరిదీ. ఇవాళ పడుకుందామనుకున్నాను."

*

ట్రాకు ఒక మూతబడ్డ ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో ఉంది. ఎర్రటి ప్లాస్టిక్ కంచె, జానెడెత్తు చెక్క అంచులు, మూలన రేకుల షెడ్డు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన క్లబ్బు సెక్రటరీ. తాళం తీస్తూనే, వెంట వచ్చిన మెకానిక్ అక్కడ లేనట్టుగా, మరిదితోనే మాట్లాడాడు.

షెడ్డులో పొడవాటి బల్ల మీద డాక్టరుగారి బండి ఉంది, ముక్కు సొట్టపోయి. డిటెక్టివ్ కళ్ళజోడు పెట్టుకుని మోటారు కొసనున్న చిన్న గేరు పళ్ళు లెక్కపెట్టింది. పదిహేను. మెకానిక్ తన పుస్తకంలో రాసుకున్నదీ పదిహేనే.

"పళ్ళు ఎక్కువున్న గేరు వేస్తే వేగం పెరుగుతుంది, కంట్రోలర్ మీద భారమూ పెరుగుతుంది," అని మెకానిక్ మరిదికి చెప్పింది. "డాక్టరుగారు పద్దెనిమిది వేయమని నెలరోజులుగా సతాయిస్తున్నారు. నేను వేయనన్నాను."

"ఆయన మార్చలేదు," అని డిటెక్టివ్ తేల్చేసింది. తరవాత బండి పైకప్పు చూసింది. అక్కడ చుట్లు లెక్కపెట్టే చిప్పు ఒకటి అతికించి ఉంది. దాని కింది టేపు అంచున బొటనవేలంత తెల్లటి మరక. ఆమె దానికేసి చాలాసేపు చూసి, మరిదిని ఫొటో తీయమంది. బల్ల మూలన ఇలాంటి చిప్పుల పెట్టె, నంబరు స్టిక్కర్లు, బూడిదరంగు స్పాంజి టేపు చుట్ట ఉన్నాయి.

"ఈ చిప్పులు ఎవరు అతికిస్తారు?"

"పందేనికి అరగంట ముందు కార్లన్నీ ఈ బల్ల మీదికి వచ్చేస్తాయి. తరవాత సొంతదారులు కూడా ముట్టుకోకూడదు," అన్నాడు సెక్రటరీ. "నేను కాగితం రాసుకుంటాను, ఈల మామయ్య అతికిస్తాడు. ఆదివారం మధ్యలో మైకు పలక్కపోతే ఓ పది నిమిషాలు బయటికి వెళ్ళాను. అప్పుడు షాపాయన స్టిక్కర్లు ఇవ్వడానికి వచ్చాడట. ఆయన స్టాలు కంచె పక్కనే, అదిగో, ఆ వాలు చివర. ఆ అమ్మాయంటే ఆయనకు పడదు. అయినా నేనెవర్నీ అనడం లేదు."

గోడకు ఒక మడతకుర్చీ ఆనించి ఉంది. విరిగిన కాలికి కర్ర కట్టి ఉంది.

"ఇది?"

"ఈల మామయ్య భార్యది. అత్తయ్యగారు ప్రతి ఆదివారం ఆ కంచె దగ్గరే కూర్చుంటారు. మూడు వారాల కింద ఇదే బండి చెక్కలు దూకి కుర్చీకి తగిలింది. ఆవిడకేం కాలేదు లెండి. అంతా నవ్వుకున్నాం."

"మామయ్య కూడా నవ్వాడా?"

సెక్రటరీ నీళ్ళు నమిలాడు. "వేగానికి హద్దు పెట్టమని ఒక కాగితం రాసిచ్చాడు. కమిటీలో చూద్దామన్నాం."

"చూశారా?"

సెక్రటరీ మాట మార్చి తన ఫోనులో పందెం వీడియో చూపించాడు. డిటెక్టివ్ మూడుసార్లు చూసింది. మరిదీ పక్కనుంచి చూశాడు. మలుపు దగ్గర ఈల మామయ్య నోట్లో ఈలతో నిలబడ్డాడు. ఆయన కాళ్ళముందు నారింజరంగు కారు ఒకటి బోర్లాపడి చక్రాలు ఆడిస్తోంది. ట్రాకు అవతలి వైపు డాక్టరు బండి పరిగెడుతోంది. పొగ వచ్చింది. బండి కంచె వైపు తిరిగింది. ఈల మామయ్య పరుగు తీశాడు, పడ్డాడు. అరుపులతో వీడియో ఆగిపోయింది.

"ఇంకెక్కడికి వదినా?" అన్నాడు మరిది. ఆమె మొహం చూస్తే జాలేసింది.

"షాపుకి. తరవాత పంటి నొప్పి నటించడానికి."

షాపాయన అద్దాల బీరువాల మధ్యనుంచే విరుచుకుపడ్డాడు. "ఆ అమ్మాయి నా సరుకు మీద నోరు పారేసుకుంటుంది మేడమ్! డబ్బా మీద అంకె చూసి కొనొద్దని నా షాపులోనే నిలబడి చెబుతుంది. ఇప్పుడేమైంది?"

"ఆ పాత కంట్రోలర్ బాగా వేడెక్కితే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, పిచ్చెక్కినట్టు పరిగెడుతుంది. ఆగే రకం కాదది. నేనైతే ఊరికే ఇస్తానన్నా తీసుకోను," అని ఠక్కున చెప్పాడు.

డాక్టరు ఒక రోగిని నోరు తెరిపించి ఉంచే బయటికి వచ్చాడు. కాలితే ఆగదని మెకానిక్ చెప్పిందా అని అడిగితే బుర్ర గోక్కున్నాడు. "ఆగుతుందందో, ఆగదందో... ఏదో చెప్పింది. అప్పుడు నా చెవికెక్కలేదండి. ఇంకా వేగంగా పోతుందా అని మాత్రం అడిగాను."

తిరిగి వస్తూ మరిది ఉత్సాహంగా అన్నాడు: "షాపాయనే వదినా. తెలివి ఉంది, కక్ష ఉంది, పది నిమిషాల సందు దొరికింది."

డిటెక్టివ్ కిటికీకి తల ఆనించింది. "ఆ బండి తిన్నగా తన స్టాలు మీదికే పోతుందని తెలిసీ చేస్తాడా? శుక్రవారం అయిదింటికి అందర్నీ ఆసుపత్రికి రమ్మను. నాకు చెప్పాలని లేదు. కానీ చెప్పకపోతే ఆ పిల్ల మునిగిపోతుంది."

*

ఈల మామయ్యది రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం. కాలికి బరువు వేలాడుతోంది, కుడిచేతికి సెలైన్ గొట్టం. అరవై ఆరేళ్ళ మనిషి అయిదు రోజుల్లో ఎనభై ఏళ్ళవాడిలా అయిపోయాడు. ఆయన భార్య తలవైపు స్టూలు మీద కూర్చుని ఉంది. పళ్ళ డాక్టరు, షాపాయన, సెక్రటరీ మంచం చుట్టూ ఇరుక్కుని నిలబడ్డారు. మెకానిక్ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఎలా ఉంది మామయ్యా?" అంది అక్కణ్ణుంచే. ఆయన ఆమె వైపు చూడలేదు.

డిటెక్టివ్‌కు ఎవరో కుర్చీ ఇచ్చారు. కూర్చుంది.

"ఎక్కువసేపు పట్టదు," అంది. "కంట్రోలర్ ఎంపికలో తప్పు లేదు. మోటారు తీసుకునేదానికి రెట్టింపు మోసేది పెట్టారు. గేరు మారలేదు. ఫ్యాను ఇప్పటికీ తిరుగుతోంది. మరి ఎందుకు కాలింది? కంట్రోలర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పేస్టు తుడిచేసి స్పాంజి టేపు వేశారు కాబట్టి. ఉదయం తిప్పినప్పుడు హీట్‌సింక్ వేడెక్కింది, అంటే అప్పటికి పేస్టు ఉంది. కాబట్టి టేపు వేసింది ఆ తరవాతే, బండి బల్ల మీద ఉన్న అరగంటలో. టేపూ ఆ బల్ల మీదిదే."

సెక్రటరీ షాపాయన వైపు చూశాడు. షాపాయన మొహం ఎర్రబడింది. "నావైపు చూస్తారేంటండీ?"

"ఈయన కాదు," అంది డిటెక్టివ్. "అది కాలితే ఆగకుండా పరిగెడుతుందని ఈయనకు బాగా తెలుసు. తన గాజు స్టాలుకు ఎదురుగా అలాంటి బండిని ఎవరూ వదలరు. ఈ పని చేసినవాళ్ళు బండి పరిగెత్తాలని చేయలేదు. ఆగాలని చేశారు. వేడెక్కిన కార్లు ట్రాకు మధ్యలో నిలబడిపోవడం ప్రతి ఆదివారం చూసినవాళ్ళు, ఇదీ అలాగే నిలబడుతుందనుకున్నారు. ఇది వేరే రకమని వాళ్ళకెవరూ చెప్పలేదు."

డాక్టరు కిటికీ వైపు తిరిగాడు.

"తెల్ల పేస్టు తుడిచిన చేతికి జిడ్డు అంటుకుంటుంది. ఆ చేత్తోనే చిప్పు అతికిస్తే టేపు మీద బొటనవేలి మరక పడుతుంది. బండి పైకప్పు మీద ఆ మరక ఉంది. ఇంకొకటి. వీడియోలో ఒకాయన కాళ్ళముందు కారు బోర్లాపడి ఉంది. దాన్ని ఎత్తడమే ఆయన పని, ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. ఆయన వంగలేదు. పొగ రాకముందునుంచే, అవతలి వైపున్న ఒక్క బండినే చూస్తూ నిలబడ్డాడు."

మరిదికి నోట్‌బుక్కులో రాయబుద్ధి కాలేదు.

"మామయ్యా," అంది డిటెక్టివ్ మెల్లగా. "మిగతాది మీరు చెబుతారా?"

ఆయన కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "ఆగిపోతుందనుకున్నాను. రెండు మూడుసార్లు అలా మొరాయిస్తే డాక్టరుగారే విసుగొచ్చి ఇంట్లో పెట్టుకుంటారనుకున్నాను. మీ అత్తయ్య ఒళ్ళోకి జానెడు దూరంలో పడిందా బండి. అందరూ నవ్వారు. కాగితం రాసిస్తే పక్కన పెట్టారు. మొన్న అది మళ్ళీ తన వైపే తిరిగేసరికి..." ఆయన భార్య వైపు చూశాడు. "ప్రమాదం తప్పించబోయి నేనే తెచ్చిపెట్టాను. రోజూ చెప్పేద్దామనుకున్నాను. తను పక్కనుంచి లేవలేదు. తన ముందు నోరు పెగల్లేదు."

మెకానిక్ గుమ్మం వదిలి మంచం దాకా వచ్చింది. "నన్ను దొంగలా చూశారందరూ. అయిదు రోజులు అన్నం సహించలేదు. నాతో ఒక్కమాట అనుంటే సరిపోయేది కదా మామయ్యా! పదిహేను పళ్ళ గేరు తీసి పన్నెండుది వేస్తే దాని పొగరు దిగేది. పది నిమిషాల పని."

"చెప్పానమ్మా," అన్నాడాయన.

"ఎప్పుడు?"

"కుర్చీ విరిగిన మర్నాడు నీ దగ్గరికొచ్చాను. ఏదో మోటారు విప్పుతున్నావు. కాస్త నెమ్మదించేలా చూడమ్మా అన్నాను. 'అలాగే మామయ్యా, చూద్దాం' అన్నావు. గురువారం మళ్ళీ వచ్చాను. 'గుర్తుంది మామయ్యా' అన్నావు. తలెత్తలేదు. పని ఒత్తిడిలో ఉన్నావు, నీ తప్పేం లేదు."

ఆ రెండు రోజులూ మెకానిక్ కళ్ళముందు కదిలినట్టున్నాయి. డాక్టరు తన బూట్లు చూసుకున్నాడు. సెక్రటరీ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"రేపటి మీటింగుకు ఇది రాతలో కావాలి," అన్నాడు.

అత్తయ్య చెయ్యి చాచింది. "కాగితం ఇవ్వండి. ఆయన కుడిచెయ్యి కదలదు. నేను రాస్తాను."

మరిది నోట్‌బుక్కులోంచి ఒక తెల్లకాగితం చింపి, పెన్నుతో పాటు ఇచ్చాడు. ఆవిడ దాన్ని మంచం అంచున పెట్టుకుని కళ్ళజోడు సర్దుకుంది. "చెప్పండి."

"ఆదివారం జరిగినదానికి మెకానిక్‌కు ఏ సంబంధమూ లేదు," అని ఆయన చెప్పసాగాడు. "నేను పొరపాటున..."

పెన్ను ఆగింది. "పొరపాటున కాదు."

"ఏమిటి?"

"పొరపాటున కాదు. కావాలని. అలాగే రాస్తాను." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట తప్ప. "నాకోసం చేశారు. అది నాకు తెలుసు. నింద ఈ పిల్లమీదికి పోతుంటే నోరు మూసుకుని పడుకున్నారు. అదీ రాస్తాను. తరవాత చెప్పండి."

ఆయన కళ్ళు మూసుకుని మిగతాది చెప్పాడు. ఆవిడ ఒక్కమాటా వదలకుండా రాసి, పెన్ను ఆయన ఎడమచేతిలో పెట్టి, వేళ్ళు పట్టుకుని సంతకం పెట్టించింది. కాగితం మెకానిక్‌కు ఇచ్చింది.

డిటెక్టివ్, మరిది మెట్లమీదికి వచ్చేశారు. ఆమె రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతోంది. వెనకనుంచి డాక్టరు, షాపాయన, సెక్రటరీ వీళ్ళను దాటుకుని వెళ్ళిపోయారు.

"ఆ అమ్మాయి రాలేదేం?" అంటూ మరిది వెనక్కి తిరిగి, నాలుగు మెట్లెక్కి తొంగిచూసి వచ్చాడు. "మంచానికి ఇవతలి పక్క కుర్చీలో కూర్చుంది వదినా. కాగితం ఒళ్ళో ఉంది. ఆయన్ని క్షమించినట్టేనంటావా?"

"తెలీదు," అంది డిటెక్టివ్ ఇంకో మెట్టు దిగుతూ. "కూర్చుంది కదా."